ఇరవై అయిదు డిగ్రీలు

రుదైనా నోటు పుస్తకం తెరిచి మెకానిక్ ఇనాల్ బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు రోజుల లెక్క ఉంది: ఎన్నింటికి ప్లగ్గు పెట్టిందీ, ఎన్నింటికి చార్జింగ్ ఆగిపోయిందీ, అప్పుడు కారు తెర మీద ఏం వచ్చిందీ. కారు చైనాలో అక్కడివాళ్ళ కోసం చేసింది, అమ్మాన్ పక్కన జర్కా ఫ్రీజోన్‌లో భర్త బుర్హాన్ కొన్నాడు. తెర మీద వచ్చేవన్నీ చైనా అక్షరాలే. వాటిని ఆమె గీతకు గీత దించి రాసింది.

ఇనాల్ చేతులు తుడుచుకుని పేజీలు తిప్పాడు.

"ఖాలా" అన్నాడు, పెద్దావిడను పిన్నీ అన్నట్టు. "చైనావాళ్ళు కూడా ఇంత కుదురుగా రాయరు. ఇదేంటి, ఇన్ని వరుసల చివర ట్యాంకరు అని?"

"నీళ్ళ ట్యాంకరు. మా వీధి ఎక్కుతుంది రోజూ. అది మా ఇంటి ముందు నుంచి పోగానే చార్జింగ్ ఆగిపోతోంది. పదకొండు రోజుల్లో తొమ్మిదిసార్లు."

"ట్యాంకరుకీ చార్జింగుకీ ఏంటి సంబంధం?"

"అది చెప్పడానికేగా నువ్వున్నది."

ఇనాల్ నవ్వి స్కానర్ తెచ్చాడు. రుదైనాకు నవ్వు రాలేదు. ఈ మెకానిక్కుల వీధిలోనే ఇంకో ఇద్దరు బ్యాటరీ పోయిందన్నారు. మరిది ఫవ్వాజ్ గురువారం వచ్చి కారు తీసుకెళ్ళి అమ్మేస్తానన్నాడు. "చార్జింగ్ ఎక్కని కారెందుకు వదినా, ఎక్కడికి కావాలంటే అక్కడికి నేను దింపుతాను కదా" అన్నాడు. ఆయన దింపేది ఆయనకు వీలైనప్పుడు. ఫిబ్రవరిలో బుర్హాన్ పోయాక సోమవారం పక్క ఊరు సాల్ట్‌లో ఉన్న చెల్లెలింటికీ, బుధవారం కూరగాయలకీ ఆ కారులోనే వెళ్ళొచ్చేది. మిగతా రోజులు మాట్లాడే మనిషి లేక ఆమె గొంతు ఆమెకే వినపడేది కాదు. బాగవుతుందో లేదో చూద్దాం, గురువారం దాకా ఆగమంది. ఇవాళ మంగళవారం.

"ప్లగ్గు పెట్టే చోట ఒక సెన్సర్ ఉంటుంది. వేడెక్కితే కారుకి చెప్తుంది, కారు చార్జింగ్ ఆపేస్తుంది. ఇదిగో, ఇరవై అయిదు డిగ్రీలు. శుభ్రంగా ఉంది" అన్నాడు ఇనాల్.

రుదైనా ప్లగ్గు మూత తెరిచి లోపల వేలు పెట్టి చటుక్కున తీసేసింది. కారు పొద్దుటి నుంచీ ఎండలోనే ఉంది.

"ఇది ఇరవై అయిదా? చెయ్యి పెట్టి చూడు."

అతను పెట్టి చూశాడు. స్కానర్ వంక చూస్తూ ప్లగ్గు పక్కన రేకు మీద పిడికిలితో ఒకటి గుద్దాడు. ఇరవై అయిదు పోయి మైనస్ నలభై వచ్చింది. మళ్ళీ గుద్దాడు. ఇరవై అయిదు.

"అమ్మాన్‌లో, ఆగస్టులో, మైనస్ నలభై. ఐస్‌క్రీమ్ వాడి పెట్టెలో కూడా ఉండదు. మీ ట్యాంకరు నిజమే ఖాలా. ఎక్కడో అతుకు ఊడింది. వీధి అదిరితే విడిపోతోంది. విడిపోతే మైనస్ నలభై, కారు భయపడి ఆగిపోతుంది. అంతవరకూ సరే. అతుకున్నప్పుడైనా ఎండలో ఇరవై అయిదేంటి?"

ప్లగ్గు పక్క పలకలు విప్పి లోపలి వైర్లు బయటికి లాగాడు. ఒకచోట నల్ల టేపు, దాని మీద మైనం పూసిన దారం, అంగుళానికొక ముడి. రుదైనాకు ఆ ముడి తెలుసు. బుర్హాన్ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పని చేశాడు. ఇంట్లో ఫ్యాన్ వైరుకూ, ఇస్త్రీపెట్టె వైరుకూ అదే ముడి.

ఇనాల్ దారం కోసి టేపు విప్పాడు. సెన్సర్ లేదు. బియ్యపుగింజంత రెసిస్టర్ ఉంది, ఒక పక్క టంకం పగిలింది.

"ఎవడో గడుసువాడు. సెన్సర్ పాడైతే కొత్తది కొనకుండా, దాన్ని పీకేసి దీన్ని పెట్టాడు. ప్లగ్గు నిప్పులా కాలుతున్నా కారుకి ఇరవై అయిదే వినిపిస్తుంది. ఇది పెట్టినవాడు గంటకి రెండుసార్లయినా వెళ్ళి ప్లగ్గు ముట్టుకుని చూసుండాలి. లేకపోతే ఇల్లు కాలేది."

"మా ఆయన చూసేవాడు" అంది రుదైనా.

రెండేళ్ళు. ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ, గ్లాసులో టీ పోసుకుని మూడంతస్తులు దిగిపోయేవాడు. ఎక్కడికని మొదట్లో అడిగింది, తర్వాత మానేసింది. తన ఎదురుగా కూర్చోలేక వెళ్ళిపోతున్నాడనుకుంది. ఒకసారి బాల్కనీలోంచి చూస్తే, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు కారు మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు. ఆ రోజు ఆయన వచ్చేలోపు ఒక్కతే అన్నం తినేసింది. అప్పట్నించీ అదే అలవాటైంది.

ఒక్క మాట చెప్పచ్చు కదా. చెప్తే తనేం చేసేదో ఆమెకు తెలుసు. ఆ పూటే తీయించి పారేయించేది.

"దీన్నే మళ్ళీ అతికిస్తే?" అని అడిగింది.

"నేను చెయ్యను ఖాలా. గంటగంటకీ ముట్టుకుని చూడటానికి ఇప్పుడు ఆయన లేరుగా."

పెరట్లో గుద్దుకుని పడున్న అలాంటి కారులోంచే సెన్సర్ తీసి పెట్టాడు. స్కానర్‌లో నలభై ఆరు చూపించింది. నీడలోకి తోయించాక ఆమె చూస్తుండగానే నలభై అయిదు, నలభై నాలుగుకు దిగింది. రెసిస్టర్‌ను చెత్తడబ్బాలో వెయ్యబోతుంటే చెయ్యి చాచింది. అతను దాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

మూడున్నరకు ఇంటి ముందు ప్లగ్గు పెట్టింది. నాలుగింటికి ట్యాంకరు మూలుగుతూ ఎక్కింది. బాల్కనీ కటకటాలు అదిరాయి. ప్లగ్గు దగ్గర పచ్చ దీపం ఆరలేదు. పుస్తకంలో ఆ రోజు వరుస రాసి ఫవ్వాజ్‌కు ఫోన్ చేసింది.

"గురువారం రా, మక్లూబా వండుతాను. తిని వెళ్ళు. కారు మాత్రం ఇక్కడే ఉంటుంది."

"బాగైందా? ఏంటట జబ్బు?"

"అతుకు ఊడిందట" అని పెట్టేసింది.

అవసరం లేకపోయినా గ్లాసులో టీ పోసుకుని కిందికి దిగింది. ప్లగ్గు మీద అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. చూడటానికి నిమిషం కూడా పట్టలేదు. ఆయన మాత్రం అరగంటకు తక్కువ కాకుండా ఉండేవాడు. మిగిలిన ఆ సేపంతా ఏం చేసేవాడో ఇనాల్ స్కానర్ చెప్పగలిగేది కాదు.

ఆయన కూర్చునే మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా పక్కింటివాళ్ళ గోడ, దాని మీద ఆరేసిన రెండు దుప్పట్లు. టీ అయిపోయింది. పైకెళ్ళి చెయ్యాల్సిన పనేమీ గుర్తు రాలేదు.