యాభై దగ్గరే ఉన్న సైరన్

కొలిమి కింది నేలమాళిగలోంచి ఇద్దరిని మెట్ల మీదుగా మోసుకొచ్చారు. ఒకడు దగ్గుతున్నాడు. రెండోవాడు దగ్గడం లేదు. ఆ రెండోవాడు మీటర్ల మెకానిక్కు తోడల్లుడు. సైరన్ మాత్రం నోరు మెదపలేదు.

మెకానిక్ మెట్ల పక్క గోడమీది గ్యాస్ మీటరు వైపు చూశాడు. నాలుగు వందల ఎనభై. వాసనైనా లేని కొలిమి విషవాయువు గాలిలో పది లక్షలకు యాభై పాళ్లకు చేరగానే సైరన్ మోగాలి. ఎందుకు మోగలేదో అక్కడున్న వాళ్లలో అతనొక్కడికే తెలుసు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో అందరినీ నిలబెట్టి మేనేజరు కాగితం చదివాడు. "అలారం యాభై దగ్గర పెట్టాం. ఇవాళా యాభై దగ్గరే ఉంది. కాబట్టి లోపం మీటరుది కాదు. చనిపోయినవాడికి గుండెజబ్బు ఉండి ఉంటుంది."

"నిన్న నాతో పోటీపడి బస్తాలు మోశాడయ్యా!" అంది బొగ్గు మోసే పెద్దమ్మ. "రాత్రికి రాత్రే పట్టుకుందా జబ్బు?"

మెకానిక్ ముందుకొచ్చాడు.

"ఆ యాభై అంటే యాభై పాళ్లు కాదు. నూటికి యాభై, అంటే సగం. మొన్నటిదాకా ఆ మీటరు వంద దాకా కొలిచేది. సైరన్ మాటిమాటికీ మోగి కొలిమి ఆగుతోందని, కొలత వెయ్యికి పెంచమన్నారు. అలారం జోలికి మాత్రం పోవద్దన్నారు. పోలేదు. మరి వెయ్యిలో సగమెంత?"

"గ్లాసులో సగమూ సగమే, డ్రమ్ములో సగమూ సగమే," గొణిగాడు కొలిమి మేస్త్రీ. "పెంచిందెవడు?"

"నేనే."

"తెలిసేనా?"

"తెలిసే. అలారం ముట్టుకోలేదు కదా అని సర్దిచెప్పుకున్నా."

మేస్త్రీ చెయ్యి విసిరాడు. చెంప పగిలింది. మెకానిక్ నెత్తురు తుడుచుకోలేదు. శవం పక్కనుంచి లేచొచ్చిన మరదలు, చనిపోయినవాడి భార్య, అతని ఎదుట నిలబడింది.

"నువ్వు బిగించిన మీటరే కదా అని ధైర్యంగా దిగేవాడు, బావా."

"వీణ్ణి తర్వాత తన్నొచ్చు," అంది పెద్దమ్మ. "ముందు ఆ మీటరు కొలతను మళ్లీ వందకు దించమనండి. రెండో షిఫ్టు దిగే వేళయింది!"

అందరూ అతని వెంట మీటరు దగ్గరకు కదిలారు. అతను మీటరు తాళం తీసే రహస్య సంఖ్య నొక్కాడు. తప్పంది. మళ్లీ నొక్కాడు. తప్పే. పొద్దున్నే ఎవరో మార్చేశారు. వెనక నుంచి, మేనేజరు పిలిపించిన పోలీసు చెయ్యి భుజం మీద పడింది. రిజిస్టరులో కొలత మార్పు కింద అతని సంతకం ఒక్కటే ఉంది. యజమాని ఆజ్ఞకు సంతకం ఉండదు. పనివాడి విధేయతకే ఉంటుంది.

షిఫ్టు గంట మోగింది.

"దిగండి, దిగండి. మీటరు బాగానే ఉంది," అన్నాడు మేనేజరు.

"దిగొద్దు!" సంకెళ్లతో అరిచాడు మెకానిక్. అంతకుమించి అతని చేతుల్లో ఏమీ మిగల్లేదు. పోలీసు అతని మెడ వంచాడు.

మరదలు నేలమాళిగ మొదటి మెట్టు మీద దారికి అడ్డంగా కూలబడింది.

"నిన్ను క్షమించలేదు బావా," అంది తలెత్తకుండానే. "నువ్వు చెప్పింది మాత్రం నమ్ముతున్నా."

ఆమె పక్కన పెద్దమ్మ కూర్చుంది. ఆ కింద మేస్త్రీ. ఇంకొకరు, మరొకరు. అతన్ని గుమ్మం దాటించేసరికి నాలుగు మెట్లు నిండాయి. అయిదో మెట్టు మీద ఎవరు కూర్చున్నారో అతన్ని చూడనివ్వలేదు.