ఆప్షన్లు లేని లెక్క

రిహానా మేడమ్‌కు, అంటే నాకు, కోపం ఎక్కువని ఆత్మకూరులో మా డిగ్రీ కాలేజీ పిల్లలందరికీ తెలుసు. నాకూ అదే మంచిది. రెండో సెమిస్టర్ కాలిక్యులస్ మొదలుపెట్టిన రోజే నా షరతులు చెప్పేశాను. మొదటి సెమిస్టర్ డిఫరెన్షియేషన్ నిద్రలో లేపి అడిగినా రావాలి. హోంవర్క్ చేయకుండా క్లాసుకు రాకూడదు. మర్రిపాడు బస్సు లేటైందంటే ఒకరోజు వింటాను, రోజూ అంటే వినను.

తర్వాత బోర్డు మీద ఎక్స్ కాస్ ఎక్స్ అని రాసి, ఇంటిగ్రేట్ చేయమన్నాను.

ఉదయగిరి నుంచి వచ్చే మధులత చెయ్యెత్తింది. "ఆప్షన్లు ఏవి మేడమ్?"

నాకు ఒళ్లు మండింది. ఇదంతా ఇంటర్లో ఎంట్రన్సు కోచింగ్ పుణ్యం. ఇచ్చిన నాలుగు జవాబుల్నీ వెనక్కి డిఫరెన్షియేట్ చేసి, లెక్కకు సరిపోయినదానికి టిక్కు పెట్టడమే వీళ్లకు ఇంటిగ్రేషన్.

"ఇక్కడ ఆప్షన్లు ఉండవు," అన్నాను.

"అయితే నేనే ఒకటి పెట్టుకుంటాను మేడమ్," అంటూ బోర్డు దగ్గరికి వచ్చింది. ఎక్స్ సైన్ ఎక్స్ అని రాసి, డిఫరెన్షియేట్ చేసింది. "సైన్ ఎక్స్ ఒకటి ఎక్కువ ఉండాది. దాన్ని కొట్టేసేది కావాల."

పక్కన ప్లస్ కాస్ ఎక్స్ చేర్చి మళ్లీ చేసింది. సరిపోయింది.

"ప్లస్ సి ఏది?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"అది నాలుగు ఆప్షన్లలోనూ ఉంటాది మేడమ్. అందుకే ఎప్పుడూ పట్టించుకోలా," అని అదీ రాసింది.

నా షరతుల్లో అప్పటికప్పుడు ఇంకొకటి చేరింది. ప్రతి జవాబునూ వెనక్కి డిఫరెన్షియేట్ చేసి చూపిస్తేనే మార్కులు.

క్లాసంతా మధులతను కొరకొరా చూసింది.