నలభై అడుగుల మలుపు

ముప్పై ఒక్క ఏళ్ళు సోషల్ చెప్పాను. భూగోళంలో నాకు ఒక పాఠం మహా ఇష్టం. పరిశ్రమలు కొన్నిచోట్లే ఎందుకు పుడతాయి, మిగతాచోట్ల ఎందుకు పుట్టవు అనేది. బోర్డు మీద ముడిసరుకు, పనివాళ్ళు, రవాణా, మార్కెట్ అని నాలుగు మాటలు రాసి, చివర్లో ఉపన్యాసం దంచేవాణ్ణి. "మనకి కొబ్బరి ఉంది, చేసే చేతులున్నాయి. కానీ మూడు పక్కలా నీళ్ళు. రైలు లేదు, రేవు దూరం. అందుకే మన కొబ్బరి డొక్కలు మనమే తగలబెట్టుకుంటున్నాం. మీరు చదువుకుని బయటికి పొండి." చాలామంది పోయారు. కువైట్‌లోనూ, మస్కట్‌లోనూ నా శిష్యులు ఎంతమందో లెక్కలేదు. అదంతా నా గొప్పే అనుకునేవాణ్ణి.

ఆ పాఠానికి ఎదురు రాసింది ఒక్క నిర్మలే. "మన ప్రాంతంలో కొబ్బరి పీచు పరిశ్రమలు ఎందుకు లేవు?" అని పదో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నాలుగు మార్కులకి అడిగితే, ఒకే ఒక్క ముక్క రాసింది. "ఎవరూ పెట్టలేదు కాబట్టి." సున్నా వేశాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఈ ఏసుదాసు మాస్టారు ఊరుకునే రకమా! క్లాసులో గట్టిగా చదివి వినిపించాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం తల దించుకోకుండా నాకేసి చూస్తూ నిలబడింది.

తర్వాత ఆమె కూడా కువైట్ వెళ్ళింది. ఎనిమిదేళ్ళు ఒకరింట్లో వంట చేసి తిరిగొచ్చింది. అక్కడ మొక్కలమ్మే దుకాణంలో ఇటుకల్లా నొక్కి పెట్టిన కొబ్బరి పొట్టు చూసిందట. డొక్క నుంచి పీచు తీస్తుంటే రాలే పొడి అది. "ఆ దేశంలో ఇసక తప్ప ఏవుందండి మాస్టారూ? మనం గట్టు మీద పోసి కాల్చేసే పొట్టు వాళ్ళు కొనుక్కుని, తడిపి, టమాటాలు పండిస్తున్నారండి" అని ఆశ్చర్యంగా చెప్పింది. రెండేళ్ళు తిరగకుండా ఉప్పలగుప్తానికి ఇవతల మా ఊళ్ళోనే, మా ఇల్లు దాటాక కాలువ గట్టున షెడ్డు వేసింది. పన్నెండుమంది ఆడవాళ్ళు. అందులో మా ఆవిడ సలోమి ఒకతి. నేను వద్దంటే, "మీరు పింఛను తీసుకుంటూ పేపరు చదువుకోండి" అంది.

మొన్న మంగళవారం ఎగుమతి కంపెనీ తరఫున శివప్రసాద్ అనే ఆయన వచ్చాడు. పొట్టు ఇటుకని నీళ్ళలో వేసి చూశాడు, పిండి చూశాడు, వాసన కూడా చూశాడు. సరుకు చాలా బాగుందన్నాడు. తర్వాత గట్టు మీదకొచ్చి రోడ్డు చూసి పెదవి విరిచాడు.

"కంటైనరు మీ షెడ్డు గుమ్మంలోకి రావాలమ్మా. ఆటోల్లో మోసి మళ్ళీ మార్చేరంటే అంచులు విరిగిపోతాయి, అక్కడివాళ్ళు తీసుకోరు. ఈ మలుపుల్లో మా బండి తిరగదు. రావులపాలెంలో హైవే పక్కన ఇంకో యూనిట్టు ఉంది. సరుకు ఇంత బాగోదు గానీ, బండి వెళ్తుంది."

ఆ ఆర్డరు పోతే షెడ్డు మూసేయాలని అందరికీ తెలుసు. స్థానికంగా కొనేవాళ్ళు లేరు. నిర్మల మళ్ళీ కువైట్ వెళ్ళి ఇంకొకరి వంటింట్లో నిలబడాలి. ఆమె మొహం పాలిపోయింది గానీ గొంతు మారలేదు.

"మీ బండి పొడవెంతండి?"

"పెట్టె నలభై అడుగులు. వెడల్పు ఎనిమిది."

"అంత పొడవూ వెడల్పూ ఉన్న చట్రం మా రోడ్డు మీద తిరిగితే మీ బండి వస్తుందాండి?"

ఆయన డ్రైవరుకి ఫోన్ చేశాడు. అవతల డ్రైవరు నవ్వడం మాకూ వినపడింది. చట్రం వంగదని, తన బండికి నడుం వంగుతుందని, చట్రమే తిరిగితే తను కళ్ళు మూసుకుని వస్తానని అన్నాడు.

"అయితే శనివారం బండి పంపండి. ఈలోగా వెదుళ్ళతో చట్రం కట్టి తిప్పి చూపిస్తాం" అంది నిర్మల.

"దూరాన్ని వెదుళ్ళతో కొలిస్తే తగ్గిపోతుందా?" అన్నాను నేను, ఊరుకోలేక.

"తగ్గదండి. అడ్డు ఎక్కడుందో తెలుస్తుందండి. మీ దస్తూరీ బావుంటుంది, మలుపులు మీరు రాయండి" అంటూ నోటుపుస్తకం, టేపూ నా చేతిలో పెట్టింది.

శుక్రవారం పొద్దున్న అమలాపురం రోడ్డు పక్కనే వెదురు గెడలు కలిపి, తాము పేనిన కొబ్బరి తాడుతోనే బిగించి, నలభై అడుగుల చట్రం కట్టారు. పన్నెండుమందీ రెండు వరసల్లో భుజాలకెత్తుకుని అక్కణ్ణుంచి షెడ్డు వైపు బయల్దేరారు. వెనకాల పుస్తకంతో నేను. చేలో ఉన్న బుల్లిరాజు లేచి నిలబడ్డాడు.

"ఏవమ్మా, ఈ ఏడు సంక్రాంతి ప్రభ ముందే కట్టేరేటి?"

కాలువ వంతెన మీదుగా రొయ్యల మేత లారీలు రోజూ వెళ్తూనే ఉన్నాయి కనక బరువుకి భయం లేదు. బుల్లిరాజు చేను దగ్గర మాత్రం చట్రం తోక కంచెకి తగిలింది. నిర్మల నోరు తెరిచేలోపే అతను కంచె పీకి పక్కన పడేశాడు.

"దేవుడి ప్రభ భుజాల మీద వస్తే మా నాన్న వరి ఊడ్చిన చేలోంచే తోవ ఇచ్చేడండి మాస్టారూ. ఈ ముళ్ళకంపకేవుంది?"

రాసుకున్నాను. బడి మలుపు చాలింది. చర్చి మలుపు జానెడు మిగిలింది. నాకే తెలియకుండా హుషారొచ్చి ముందు నడవడం మొదలుపెట్టాను. అప్పుడు మా ఇంటి మలుపు వచ్చింది.

ఎడమ పక్క కాలువ. ముందున్న ఇద్దరి కాళ్ళు గట్టు అంచు మీదకి వెళ్ళాయి. వెనక కొస మా ప్రహరీకి గీసుకుని ఆగిపోయింది. వెనక్కి వచ్చి మళ్ళీ తిప్పారు. మూడుసార్లు తిప్పారు. ఒక్కరు కూడా ఆ గోడకేసి చూడలేదు. చూసి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

"ఎంత తక్కువండి మాస్టారూ?" అంది నిర్మల.

టేపు పట్టాను. మూడున్నర అడుగులు. రాయలేకపోయాను.

ఆ కొలత నాకు పాతదే. రిటైరైన ఏడాది మందారాలు వేసుకోవడానికని ప్రహరీని సరిగ్గా మూడున్నర అడుగులు గట్టు మీదకి జరిపి కట్టించాను. అది గట్టు స్థలమని సలోమి చెప్పింది. అందరూ జరుపుకుంటున్నారులే అని ఆమె నోరు మూయించాను.

వెనక కొస మోస్తున్నది ఆమే. "రాసేరాండీ?" అంది.

"పోన్లెండి, తోటలోంచి వేరే తోవ దొరుకుతుందేమో చూద్దాం" అంది నిర్మల. నన్ను కాపాడుతోంది. నాకు సిగ్గేసింది. దూరం అబద్ధమని ఇప్పటికీ అనను. రేవు దూరమే, రైలు లేదు, నీళ్ళు మూడు పక్కలా ఉన్నాయి. కానీ వీటన్నిటినీ దాటుకుని వచ్చిన బండి నా మందారాల దగ్గర ఆగిపోతుంది.

లోపలికి వెళ్ళి గునపం తెచ్చాను. మొదటి ఇటుక కదలడానికి పావుగంట పట్టింది. దగ్గరుండి కట్టించుకున్న గోడ కదా, నన్ను నేనే తిట్టుకున్నాను. బుల్లిరాజు పార పట్టుకొచ్చాడు. ఆడవాళ్ళు చట్రం దించి ఇటుకలు మోశారు. సలోమి మందారాలన్నీ వేళ్ళతో సహా పెళ్ళగించి, పాత బస్తాల్లో పొట్టు నింపి అందులో నాటింది. మూడింటికల్లా మలుపు ఖాళీ అయింది. చట్రం ఎత్తుకుని తిరిగారు. తిరిగింది.

శనివారం పదింటికి కంటైనరు వచ్చింది. వెనక చక్రాలు మందారాలున్న మట్టిని తొక్కుకుంటూ షెడ్డు ముందు ఆగాయి. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. శివప్రసాద్ దిగి, "ఇకమీద ఏ డ్రైవరొచ్చినా ఇబ్బంది లేకుండా ఆ మలుపుల లిస్టు చదివి వినిపించండి మాస్టారూ, మా డ్రైవరు రాసుకుంటాడు" అన్నాడు.

"ఆయ్, చదవండి మాస్టారూ" అంది నిర్మల. ఆమె మనసులో ఏమీ లేదు. లేదనే అనుకుంటున్నాను.

పుస్తకం తెరిచాను. చివరి మలుపు దగ్గర ఖాళీగా ఉంది. జేబులోంచి పెన్ను తీసి పూర్తిచేసి, అప్పుడు మొదట్నుంచీ గట్టిగా చదివాను. వంతెన, బుల్లిరాజు కంచె, బడి, చర్చి. ఆఖర్ది కూడా, క్లాసులో చదివినంత గట్టిగానే చదివాను.

"కాలువ మలుపు. తక్కువ, మూడున్నర అడుగులు. కారణం, ఏసుదాసు గోడ."

ఎవరూ నవ్వలేదు.