బాపట్లకి ఒకటి

రంగు మళ్లీ వేయించాలి, వేళ్లు తగిలి తగిలి ఊళ్ల పేర్లు మాసిపోయాయి, రేపల్లె అయితే సగం చెరిగింది, చెరగదా మరి, ఇన్నాళ్లుగా తెనాలి స్టేషన్లో ఎంతమంది వేలు పెట్టి చూపించారని, అనుకుంటూ బుకింగ్ క్లర్కు పూర్ణచంద్రరావు టిక్కెట్ల కౌంటరు పక్కన తను కట్టించిన బోర్డుని గర్వంగా చూసుకున్నాడు, చెవులు వినపడనివాళ్లు, మాట పెగలనివాళ్లు, ఎవరైనా ఊరి పేరు మీద వేలు పెడితే చాలు, టిక్కెట్టు చేతికొస్తుంది, మొదట్లో సీనియర్ క్లర్కు పున్నారావుగారు ఏంటయ్యా ఇది, హోటల్లో టిఫిన్ల బోర్డులాగా, అని నవ్వారు, నవ్వితే నవ్వారు, ఆయనకేం తెలుసు నత్తి బాధ, ఇంతలో అవతల ఎవరో వచ్చి ఆగారు.

అమ్మాయి, చంకలో సర్టిఫికెట్ల కవరు, పక్కన తల్లి, బా, అంది, మళ్లీ బా, పెదాలు అతుక్కుపోయాయి, మెడ మీద నరం లేచింది, ఆ నరం అతనికి తెలుసు, ఎనభై మూడులో ఇదే కౌంటరుకి అవతల నిలబడింది తనే, బాపట్ల నుంచి అక్క సుబ్బరత్నమ్మ కబురు చేసింది, బాబుకి చెవులు కుట్టిస్తున్నాం, మేనమామ ఒళ్లో కూర్చోవాలి, నువ్వు రాకపోతే ఎట్లారా, అని, తీరా ఇక్కడ బా దగ్గరే మాట ఆగిపోయింది, క్యూలో ఎవడో నిద్రపోతున్నావా ఏంటయ్యా అన్నాడు, ఇంకొకడు పకపకా నవ్వాడు, రేపల్లెకి ఒకటండి అనేశాడు, ఆ పేరైతే తడుముకోకుండా వచ్చింది, ఛీ, మార్చమని అడగొచ్చుగా, అడగాలన్నా మళ్లీ బాపట్ల అనాలి, ఆ టిక్కెట్టుతో నిజంగానే రేపల్లె బండెక్కాడు, అక్కడ బెంచీ మీద కాసేపు కూర్చుని తిరుగు బండిలో వచ్చేశాడు, బాపట్లలోనేమో వరసకు మేనమామ అయ్యేవాణ్ణి ఎవరినో పట్టుకొచ్చి పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టారు, అక్క చాన్నాళ్లు మాట్లాడలేదు, రైల్వేలో ఉద్యోగం రాగానే ఈ బోర్డు కట్టించింది అందుకేగా, తనలా ఇంకెవరూ రేపల్లె పాలు కాకూడదని.

ఇదిగో తల్లీ, చూపించు చాలు, అని ఎంతో ఆప్యాయంగా బోర్డు వైపు చెయ్యి చాపాడు, ఆ పిల్ల చూపు బాపట్ల మీద ఆగింది కూడా, వేలు మాత్రం ఎత్తలేదు, తల అడ్డంగా ఊపింది, బా, బా, ఇదేం మొండితనం, అవతల బండికి సిగ్నల్ ఇచ్చేశారు, తల్లి చేతులు నలుపుకుంటూ, కాలేజీలో ఇంటర్వ్యూ అండి, నేనడుగుతానంటే వద్దంది, అక్కడ నా పేరు నువ్వు చెప్తావా అని అడిగింది, అంది, క్యూలోంచి ఒకాయన బాపట్లేనండీ, ఇచ్చెయ్యండి సార్ అని అరిచాడు, ఇచ్చెయ్యవయ్యా, తెలుస్తూనే ఉందిగా, అన్నారు పున్నారావుగారు, తెలుస్తూనే ఉంది, చెయ్యి అప్పటికే బాపట్ల టిక్కెట్ల అర మీద ఉంది, కానీ ఆ పిల్ల కళ్లలో నీళ్లు, ఏడుపు కాదు, కోపం, నిజమే, ఇంకాసేపట్లో అక్కడ ఎవరో నీ పేరేంటమ్మా అంటారు, అక్కడ బోర్డుండదు, ఇక్కడ అనలేకపోతే అక్కడ ఏం అంటుంది, అర మీద నుంచి చెయ్యి తీసేశాడు.

అరిచినాయన వైపు తిరిగి, బ, బ, అంటూనే తుళ్లిపడ్డాడు, ఈ అక్షరానికి భయపడి ఊళ్లో అందరినీ అయ్యా అనే పిలుస్తాడు, ఇప్పుడూ అయ్యా అనొచ్చు, అననుగాక అనను, బ, బాబాయిగారూ, ఆ, ఆగండి, మా అమ్మాయి చెప్తుంది, అన్నాడు, ఆ పిల్ల అతని నోటి వంక ఆశ్చర్యంగా చూసింది, మెడ మీద నరం దిగింది, బా, బా, బాపట్లకి ఒకటండి, మా అమ్మకి ఇంకోటి, అబ్బ, ఎంత బాగా అంది, తేదీ ముద్రలు రెండూ ఠపఠపా పడ్డాయి, తల్లీకూతుళ్లు ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తారు, బండి దొరికింది.

బోర్డు ఉంటుంది, రంగూ వేయిస్తాడు, కావలసినవాళ్లు వేలు పెట్టుకుంటారు, కానీ ఎనభై మూడులో ఆ కుర్రాడికి కావలసింది వేలు పెట్టే చోటు కాదు, బాపట్ల అని తనంతట తను అనేదాకా ఆగే మనిషి, ఆ మనిషి ఇవాళ కౌంటరుకి ఇవతలే ఉన్నాడు.