తెల్ల దుప్పట్లు, ఎర్ర వాగు

కంపెనీ గెస్ట్‌హౌస్ మేనేజరు దుప్పట్ల మూటని చాకిరేవులో అందరూ చూస్తుండగా చిన్నకోడలి కాళ్ల దగ్గర విసిరికొట్టాడు.

"ఇవి దుప్పట్లా, తుప్పు రేకులా? పైగట్టున నీ తోడికోడలు ఉతికినవి చూసి సిగ్గు తెచ్చుకో!"

బొగ్గుగని మూతపడి పన్నెండేళ్లయింది. బొగ్గంతా కంపెనీ పట్టుకుపోయింది, గని కక్కే తుప్పునీళ్లు మాత్రం పట్నం మధ్య వాగుకి వదిలేసింది. బట్ట ముంచితే ఎర్రమరకే. ఆ నీళ్లు శుభ్రం చేయించమని రెండు గట్లవాళ్లూ అర్జీ పెట్టారు. కంపెనీ ఏం తక్కువది? పైగట్టున ఆరిళ్లకి కుళాయి వేయించి, వాళ్ల సంతకాలు వెనక్కి తీయించింది.

చిన్నకోడలి కడుపు రగిలిపోయింది. కంపెనీ మీద కాదు, తను అక్కా అని పిలిచే ఆ పెద్దకోడలి మీద! తీగ మీద ఆరే అక్క దుప్పట్లు చూస్తే ఆమెకి ముద్ద దిగేది కాదు. పంతం కొద్దీ తన దుప్పట్లకి బ్లీచింగ్ పౌడరు రెట్టింపు దట్టించింది. తుప్పుమరకకి బ్లీచింగ్ తగిలితే చచ్చినా వదలదని రేవులో ఎవర్నడిగినా చెబుతారు. ఆమెకీ తెలుసు. అసూయలో ఒళ్లు తెలియలేదు, అంతే.

మర్నాడు ఆ మరకలు చూసి మేనేజరు తేల్చేశాడు. "ఇక కిందగట్టుకి ఒక్క గుడ్డ రాదు. అన్నీ పైగట్టుకే."

కిందగట్టున నలభై ఇళ్ల పొయ్యిల మీద దెబ్బ!

"ఆ కుళాయి విరగ్గొడదాం పదండి!" చిన్నకోడలే మొదట అరిచింది. గట్టంతా ఆమె వెనక కదిలింది.

పెద్దకోడలు కుళాయికి అడ్డం రాలేదు. "విరగ్గొట్టవే. కంపెనీవాళ్లక్కావలసిందీ అదేగా! నలభై ఇళ్ల చాకిరీ ఆరిళ్ల నెత్తిన పడేశారు. నా భుజం చూడు, ఎట్లా వాచిందో. సంతకం వెనక్కి తీసుకుని గడ్డి తిన్నానే."

"ఇప్పుడేడిస్తే ఏం లాభం? ఏం చేద్దామంటావ్?"

"ముంచుదాం."

పెద్దకోడలు తీగ మీది తెల్ల దుప్పట్లు లాగి వాగు వైపు నడిచింది. ఇందులోనూ అక్కే ముందా? చిన్నకోడలు ఒకటి గుంజుకుని, పరుగున దిగి ఎర్రనీళ్లలో ముంచింది. రెండు గట్లూ ఆ వెనకే దిగాయి.

మధ్యాహ్నానికి గెస్ట్‌హౌస్ గోడ పొడుగునా ఎర్ర దుప్పట్లే. "గని నీళ్లు శుభ్రం చేసేదాకా ఒక్క గుడ్డ ఉతకం!" అని రెండు గట్లవాళ్లూ కేకలేశారు.

జీపు వచ్చింది. "ముందు ముంచిందెవరు?" ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపాడు.

"నేను," అంది పెద్దకోడలు.

"అబద్ధం! ముందు నేను! వీళ్లనడుగు!"

అడిగాడు. నేనంటే నేనని రెండు గట్లూ జీపు మీదికి ఎగబడ్డాయి. చిన్నకోడలు అక్కని మోచేత్తో నెట్టేసి అందరికన్నా ముందు ఎక్కి కూర్చుంది.