ఒడ్డుకు చేరిన తూకం రాయి

నేను ఒక ఇరవై కిలోల ఇనుప తూకం రాయిని. రాయి అంటారు గాని నాలో రాయి ఎక్కడా లేదు. మనుషులు పెట్టిన పేరుతోనే బతకాలి కాబట్టి ఊరుకున్నాను. కొలిమిలో కరిగి, ఇసుక అచ్చులో చల్లారి, నెత్తిన ఒక పిడితో బయటపడ్డాను. తూనికల అధికారి ముద్ర కొట్టాక కాస్త గర్వం కూడా వచ్చింది. ధాన్యమైనా, చేపలైనా, ఇనుమైనా ఇరవై కిలోలంటే ఇరవై కిలోలే. నా చదువంతా అదే.

భీమిలి దాటాక వచ్చే పెదరేవులో చేపల కాటా దగ్గర చాలాకాలం కొలువు చేశాను. ఒక పళ్ళెంలో నేను, ఇంకో పళ్ళెంలో కవళ్ళనే చిన్న చేపలు. నా మీద అందరికీ నమ్మకమే, పళ్ళెం పట్టిన చేతి మీదే ఎవరికీ ఉండేది కాదు. తరవాత కరెంటు కాటా వచ్చింది. నన్నూ నా తోటి రాళ్ళనూ గోనెసంచుల కింద మూలకు తోశారు. అక్కడే తుప్పు పడుతూ ఉండగా ప్రసూన వచ్చింది.

ఆమె పట్నం కాలేజీలో చిన్న తెప్పలు ఎందుకు తిరగబడుతున్నాయో పరిశోధన చేస్తోంది. ఆ రేవు జాలరి దానయ్య ఫైబర్ తెప్పను ఉప్పుటేటి నిలకడ నీళ్ళలోకి తెప్పించి మమ్మల్ని అందులోకి ఎక్కించింది. కర్రకు తాడు కట్టి, తాడుకు గుండు వేలాడదీసి, ఆ గుండు ఊగకుండా నీళ్ళ బకెట్టులో ముంచింది. మమ్మల్ని ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్పిస్తూ తెప్ప ఎంత వాలుతోందో కొలిచింది. దానయ్యకు నవ్వాగలేదు.

"నా తెప్పకేటి జొరమొచ్చిందా మేడమ్మా, నాడి సూత్తన్నారు?"

జ్వరమే వచ్చిందని తేలింది. అలలు లోపలికి రాకుండా దానయ్య అంచులు ఎత్తు చేయించాడు. ఆ పైన తడి వలలు గుట్టగా పోస్తాడు. బరువంతా పైనే ఉంది, కడుపులో ఏమీ లేదు.

"తెప్ప అడుగున నడుమ పొడుగునా ఈ రాళ్ళు కట్టి ఉంచండి దానయ్యగారూ. ఎప్పుడూ విప్పకండి" అంది ప్రసూన.

కట్టింది మాత్రం దానయ్య భార్య పోలమ్మ. నైలాను తాడుతో ఒక్కొక్క రాయినీ బిగించి, "ఇప్పేవంటే నా మీదొట్టే మావా" అంది. "ఇప్పనులేయే" అన్నాడు దానయ్య.

ఆ రోజులు నాకు ఇష్టం. పెద్ద అల వచ్చి తెప్పను పక్కకు తోసినా మళ్ళీ లేచి నిలబడేది. అన్నేళ్ళూ అమ్మకాలకు పనికొచ్చిన నా బరువు మొదటిసారి ఒక మనిషిని ఇంటికి చేర్చడానికి పనికొచ్చింది.

వేట లేని గడ్డు కాలం తరవాత ఒక పొద్దున వలలో కవళ్ళు పడ్డాయి. తెప్ప నిండినా వల సగం కూడా ఖాళీ కాలేదు. అలాంటప్పుడు కర్రకు గుడ్డ కట్టి ఊపితే దగ్గరలో ఉన్న తెప్ప రావడం, మిగిలిన చేపలు అందులో వేసి వాటా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. దానయ్య ఊపాడు. వరసకు బావ అయిన కొర్లయ్య ఖాళీ తెప్పతో వచ్చాడు. కాని అంత కరువు తరవాత చేపలు పంచడానికి దానయ్యకు చెయ్యి రాలేదు.

"ఈ ఇనుము నీ తెప్పలో ఏసుకో బావా. ఆ సోట్లో సేపలేసుకుంటాను. బరువుకి బరువే గదా. మేడమ్మ మాటా తప్పినట్టు కాదు."

తాళ్ళు విప్పారు. ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. నేను చదువుకున్నదీ అదే మరి.

కొండ మలుపు దగ్గర అలలు అడ్డదిడ్డంగా వస్తాయి. వెనక తెప్పలోంచి చూస్తున్నాను. ఒక అల దానయ్య తెప్పను పక్కనుంచి కొట్టింది. తెప్ప వాలింది. వాలగానే చేపలన్నీ ఆ పక్కకే జారిపోయాయి. లేవవలసిన తెప్ప లేవలేదు, బోర్లాపడింది. దానయ్యతో వేటకొచ్చిన ఇద్దరిని కొర్లయ్య పైకి లాగగలిగాడు. దానయ్య వల కింద ఉండిపోయాడు.

రేవులో పోలమ్మ గంప పట్టుకుని నిలబడి ఉంది. పరుగున వచ్చి కొర్లయ్య తెప్పలోకి తొంగిచూసింది. వణుకుతున్న ఆ ఇద్దరికంటే ముందు ఆమె కంటపడింది మేమే.

"ఈ రాళ్ళు నీ తెప్పలోకెలాగొచ్చేయన్నా?"

కొర్లయ్య విప్పిన తాళ్ళు తీసి ఆమె ముందు పెట్టాడు.

దానయ్య శవాన్ని మర్నాడు సముద్రం ఒడ్డుకు తోసింది. కొన్నాళ్ళకు ప్రసూన వచ్చి పోలమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. "బరువు ఉండాలని చెప్పాను. అది జారని బరువై ఉండాలని విడిగా చెప్పవలసింది" అంది. వేరే ఊళ్ళో పరీక్షలకు రాళ్ళు కావాలని ఆమె అడిగితే పోలమ్మ అన్నీ ఇచ్చేసి, నన్ను మాత్రం దగ్గరకు లాక్కుంది.

"ఇదొక్కటీ ఉండనీయమ్మా. ఇది ఒడ్డుకొచ్చింది, ఆడు రానేదు."

ఇప్పుడామె ఎండుచేపలు అమ్ముతుంది. పెరట్లో చేపలు ఆరబోసి, కాకులు వాలకుండా పాత వల కప్పి, వల మూల మీద నన్ను పెడుతుంది. సముద్రం గాలికి వల ఉబ్బుతుంది, లేవబోతుంది. నేను కదలను. కదలకుండా ఉండడం ఒక్కటే నాకు వచ్చిన పని. ఆ రోజు ఆ పని నన్ను చెయ్యనివ్వలేదు.