ఓడెక్కిన ద్రాక్షారసం

నేను ఒక గాజు సీసాను. పొడుగు మెడ, కాస్త సన్నటి నడుము, అడుగున అరిగిపోయిన కంపెనీ పేరు. యాభై దాటినవాళ్ళు నన్ను చూస్తే ఆరెంజి స్క్వాషు అంటారు. అంతకంటే చిన్నవాళ్ళు ఏమీ అనరు, పక్కకి జరుపుతారు.

ఇసుక, సున్నం, పగిలిన పాత సీసాల ముక్కలు కలిపి కొలిమిలో కరిగిస్తే నేను పుట్టాను. ఆ ముక్కల్లో దగ్గుమందు సీసాలుండేవి, సెంటు సీసాలుండేవి, బ్రాందీ సీసాలు కూడా ఉండే ఉంటాయి. అందుకే తాగేవాళ్ళ మీద గాని, తాగనివాళ్ళ మీద గాని నాకు పెద్దగా కోపం లేదు.

నేను మొదట ఖాళీ అయింది ఒక పెళ్ళిలో. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, చర్చి పక్కన హాల్లో, ఫిబ్రవరి నెల మధ్యాహ్నం. పెళ్ళికొడుకు జ్ఞానరత్నం పోర్టులో క్రేన్ ఆపరేటరు. పెళ్ళికూతురు దయామణి. వచ్చినవాళ్ళకి నాలోని స్క్వాషు నీళ్ళలో కలిపి ఇచ్చారు. నీళ్ళే ఎక్కువయ్యాయని ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు కూడా. అయ్యాక దయామణి తల్లి నన్ను కడిగి, ఎండలో బోర్లించి, కూతురి సామానులో పెట్టింది. ఇత్తడి బిందెకీ ఇనప్పెట్టెకీ మధ్య చీరల్లో చుట్టుకుని నేనూ కాపురానికి వెళ్ళాను.

ఆ ఇంట్లో నేను చాలా పనులు చేశాను. కొన్నాళ్ళు కొబ్బరినూనె మోశాను. పాస్టరుగారి భార్య తేనె కోసం అరువడిగి తీసుకెళ్ళి ఏడాదిన్నర తిరిగివ్వలేదు. దయామణి ప్రతి ఆదివారం ఆవిడకి వందనాలు చెబుతూనే, పలకరింపులో ఎక్కడో ఒకచోట నన్ను గుర్తుచేసేది. చివరికి తేనె మరకలతో ఇల్లు చేరాను. ఆ తర్వాత నాకు దొరికిన ఉద్యోగం ఆమె పోయేదాకా మారలేదు. క్రిస్మస్ వైను.

నవంబరు మొదటి వారంలో నల్లద్రాక్ష వచ్చేది. దయామణి వాటిని కడిగి, తడి లేకుండా తుడిచి, పెద్ద జాడీలో చేత్తోనే నలిపేది. గుప్పెడు గోధుమలు, నాలుగు లవంగాలు, దాల్చినచెక్క, పంచదార. మూతికి గుడ్డ కట్టి, రోజుకోసారి కొయ్యగరిటెతో తిప్పేది. ఇరవై ఒకటో రోజున పలచటి గుడ్డలో వడకట్టి నాలో పోసి బిరడా బిగించేది. క్రిస్మస్ రోజు మొదటి గ్లాసు రత్నానికే. ఆయన తాగి, కళ్ళు మూసుకుని, "బాగుంది దయా" అనేవారు. అప్పట్లో అది నిజం. నాలో ఉన్నదాని సంగతి నాకు తెలియకుండా ఉండదు కదా.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటాక ఒక ఏడాది ఆమె చెయ్యి పంచదార డబ్బా దగ్గర ఆగింది. కాసేపు ఆలోచించి, మామూలుగా వేసేదాంట్లో చాలావరకు వెనక్కి పోసేసింది. ఆ ఏడాది వైను పుల్లబడింది. ఆ తర్వాత ఏడాదీ అంతే. రత్నంగారు మాత్రం గ్లాసు అందుకుని, కళ్ళు మూసుకుని, "బాగుంది దయా" అనడం మానలేదు. అబద్ధమాడుతున్నారని నాకు తెలుసు. ఆమె పంచదార ఎందుకు తగ్గించిందో మాత్రం నాకు తెలీదు. ఇలా పదహారేళ్ళు గడిచాయి.

వాళ్ళ మేడ మీంచి చూస్తే ఓడలు కనిపించేవి. రత్నంగారు ముప్పై ఏడేళ్ళు ఓడల్లోకి సామాను ఎత్తి దించారు గాని ఒక్కరోజు కూడా ఓడలో ప్రయాణించలేదు. విశాఖ నుంచి మూడు రాత్రుల ప్రయాణానికి పెద్ద ఓడ వస్తుందని తెలిసినప్పుడు దయామణి ఒకే మాట అంది. మన పెళ్ళిరోజున ఆ ఓడ పైన కూర్చుని, చుట్టూ నీళ్ళు తప్ప ఏమీ కనపడనప్పుడు, నా వైను చెరో గుక్క తాగుదాం అని. ఆ డిసెంబరులో, వైను వడకట్టిన పది రోజులకి, ఆమె గుండె ఆగిపోయింది. ఆ ఏడాది క్రిస్మస్‌కి ఎవరూ నా బిరడా తీయలేదు.

తర్వాత తీశారు. తాగడానికి కాదు. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, రత్నంగారు నా బిరడా తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, రెండుసార్లు గాలి పీల్చి, మళ్ళీ బిగించేవారు. ఆ వాసనలో వంటింటి నవంబరంతా ఉండేది. నాకు నోరుంటే చెప్పేదాన్ని, అయ్యా, మీరు వాసన చూసినప్పుడల్లా గాలి లోపలికొస్తోంది, వైను చెడిపోతోంది అని. ఆయన మీద కోపం మాత్రం రాలేదు. దాచుకోవాలనే కదా తీసేవారు.

రెండేళ్ళు దాటాక ఆయన టికెట్టు కొన్నారు. నన్ను దయామణి పాత వాయిల్ చీర ముక్కలో చుట్టి సంచీలో పెట్టుకున్నారు.

ఓడరేవులో సామాను తనిఖీ చేసేచోట పెద్ద బోర్డు ఉంది. బయటి నుంచి తెచ్చిన మద్యం ఓడలోకి అనుమతించరు, తెచ్చినవాళ్ళకి చీటీ ఇచ్చి దిగేటప్పుడు తిరిగి ఇస్తారు. దాని కింద వరస, వరసలో వాదన. రత్నంగారి ముందు భీమవరం నుంచి వచ్చిన వర్మగారు, రొయ్యల చెరువుల ఆసామి. వెనక అనకాపల్లి హైమావతి టీచరు. ఇరవై ఆరేళ్ళు ఆడపిల్లల హాస్టలు వార్డెనుగా చేసి రిటైరయ్యారు.

లోపల ఒక పెగ్గుకి వసూలు చేసే ధరకి బయట సీసా వస్తుందని, ఇది పక్కా దోపిడీ అని వర్మగారు మొదలుపెట్టారు. "టీచరుగారూ, మీరు డబ్బాలో పులిహోర తెచ్చుకున్నారు. మిమ్మల్నెవరైనా ఆపేరాండీ? మన సీసా, మన నోరు. మధ్యలో వీళ్ళెవరండీ?"

"పులిహోర తిని ఎవరూ రెయిలింగు ఎక్కి పాటలు పాడరండి," అన్నారు హైమావతి. నడి సముద్రంలో ఒకడు తూలి పడితే ఓడంతా ఆపి వెతకాలని, ఆ పని చేసేవాళ్ళకే నియమం పెట్టే హక్కుందని ఆవిడ వాదన. తనకి ట్రంకుపెట్టెలు తెరిచి చూసిన అనుభవం ఉందని, దాచినవాళ్ళ మొహాలు ముందే తెలిసిపోతాయని కూడా చెప్పి, వర్మగారి వైపు చూశారు.

వర్మగారి వంతు వచ్చింది. ఆయన సంచీలోంచి నోరు పుక్కిలించే పచ్చటి మందు బయటికొచ్చింది, లీటరు సీసా. తనిఖీ చేస్తున్న ఆఫీసరమ్మ పేరు నీరజ. భీమిలి అమ్మాయి, తెల్ల యూనిఫాం. ఆమె మర్యాదగా మూతలో కొంచెం పోసి అందించింది.

"ఒక్కసారి పుక్కిలించి ఈ బేసిన్‌లో ఉమ్మేయండి సార్."

వర్మగారు పుక్కిలించారు. బేసిన్ వైపు వంగారు. ఒక క్షణం నిలబడ్డారు. తర్వాత మింగేశారు.

వరసంతా నవ్వింది. వర్మగారూ నవ్వేశారు, చీటీ తీసుకుని పక్కకి నిలబడ్డారు.

రత్నంగారు నన్ను దాచలేదు. చీర ముక్క విప్పి, తనే ట్రేలో నిలబెట్టారు. "వైనమ్మా. మా ఇంటావిడ చేసింది. ఆవిడ లేదిప్పుడు."

నీరజ నియమం చెప్పింది. సీలు వేసి జాగ్రత్తగా దాస్తామని, దిగిన వెంటనే ఇచ్చేస్తామని.

"దిగాక ఎందుకమ్మా," అన్నారు రత్నంగారు. "రేపు మా పెళ్ళిరోజు. నీళ్ళ మీద ఒక గుక్క తాగుతానంది. అంతే. ఇంకేటీ లేదు."

వర్మగారు దూరం నుంచే, "నా సీసా ఉంచేసుకోండి, ఆయన్ని పోనివ్వండి," అన్నారు. హైమావతి అప్పటికీ నియమం వైపే ఉన్నారు. ఒకరి కన్నీళ్ళకి వదిలితే రేపు అందరూ కన్నీళ్ళతోనే వస్తారన్నారు. అన్నారే గాని, అంటున్నప్పుడు నేల వైపు చూశారు.

నీరజ నా బిరడా తీసి వాసన చూసింది. చిటికెన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"చేసి ఎన్నాళ్ళయింది సార్?"

"రెండేళ్ళు దాటింది."

"మధ్యలో తీసేవారా?"

"ఆదివారం ఆదివారం తీసేవాణ్ణి. వాసన చూద్దామని."

ఆమె బిరడా తిరిగి బిగించింది. ఏం కనిపెట్టిందో నాకు తెలుసు. నాలో వైను లేదు. పంచదార తక్కువై మొదటినుంచీ బలం లేనిది, గాలి తగిలి తగిలి పూర్తిగా పులిసిపోయింది. మద్యం అని రాయడానికి అందులో మద్యం మిగల్లేదు. ఆ మాట పైకి అనేస్తే ఆమె పని అయిపోయేది, నియమమూ నిలబడేది. కాని ఆమె ఒక చిన్న అట్టచీటీ మీద "వంట సామగ్రి, వెనిగర్" అని రాసింది. దారంతో నా మెడకి కట్టి, రాసిన వైపు లోపలికి తిప్పింది.

"మా జాబితాలో ఇది లేదు బాబాయ్," అంది. "తీసుకెళ్ళండి."

సార్ ఎప్పుడు బాబాయ్ అయ్యారో ఆమె గమనించినట్టు లేదు. రత్నంగారు అయితే గమనించారు. ఆయన కళ్ళజోడు చొక్కా జేబులోనే ఉండిపోయింది, చీటీ చదవలేదు. నన్ను సంచీలోకి దించుతుంటే చీటీ తిరగబడింది. వెనక నిలబడ్డ హైమావతి చదివారు.

మరునాడు సాయంత్రం పై డెక్కు మీద నాలుగు వైపులా నీళ్ళే. రత్నంగారు టీ కౌంటరు దగ్గర రెండు కాగితం కప్పులు తీసుకున్నారు. ఒకటి నింపి ఎదుటి ఖాళీ కుర్చీ ముందు పెడదామనుకున్నట్టున్నారు. అంతలో హైమావతి వచ్చి ఆ కుర్చీ పక్కన నిలబడ్డారు. ఆవిడ వెనకే వర్మగారు. పొద్దున్నుంచీ ఆవిడ ఆయనకి ఏదో నచ్చచెబుతూ ఉండడం నేను సంచీ లోంచి విన్నాను. చివరి మాట మాత్రం స్పష్టంగా వినపడింది. ఎలా ఉన్నా సరే, మొహం చిట్లించారంటే ఊరుకోను.

"అన్నయ్యగారూ, మాకూ కొంచెం పోస్తారా?" అన్నారు హైమావతి. "నేను జన్మలో ముట్టలేదు. మీ ఆవిడ చేసిందైతే ఒక గుక్క తాగుతాను."

రత్నంగారు ఇంకో రెండు కప్పులు తెచ్చి, నాలుగింట్లోనూ పోసి, ఒకటి దయామణిదని ఖాళీ కుర్చీ ముందు పెట్టారు. దయామణి కప్పులోంచి ఒక బొట్టు ఎగిరి చీర ముక్క మీద పడింది. గాలి అంత గట్టిగా ఉంది.

వర్మగారు ఒక్క గుటకలో తాగేశారు. ఎన్ని రకాల సారాలు చూసిన గొంతో అది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రం వైపు తిరిగి, "బాగుందండి," అన్నారు. హైమావతి కప్పు ఎత్తి, కళ్ళు మూసుకుని, మందు తాగినట్టు తాగారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు. "చాలా బాగుంది అన్నయ్యగారూ," అన్నారు. నలభై మంది పిల్లల మధ్య నవ్వు ఆపుకోవడం నేర్చిన మనిషి కదా.

రత్నంగారు తన గుక్క నోట్లో పోసుకున్నారు. కాసేపు అలాగే ఉంచుకుని మింగారు. నేను బిగుసుకుపోయాను. గాజుని, ఇంకెంత బిగుసుకుంటాను.

"పుల్లగా ఉంది కదండీ?" అన్నారు ఆయన.

హైమావతి, వర్మగారు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పదహారేళ్ళ బట్టీ ఇలాగే చేసేది. ఎక్కడో చెయ్యి తప్పింది పాపం. నేనూ మీలాగే ఏటేటా బాగుందనేవాణ్ణి."

ముందు వర్మగారు నవ్వారు. తర్వాత హైమావతి, పమిట నోటికడ్డం పెట్టుకుని. రత్నంగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, దయామణి కప్పులోది కూడా తనే తాగేశారు. హైమావతి ఆ వైను ఎలా చెయ్యాలో రాసి పంపమన్నారు. పంపుతానని రత్నంగారు మాటిచ్చారు.

ఇంటికొచ్చిన మూడో రోజున ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందు నా మెడలో చీటీ చదివారు. చీటీ విప్పలేదు. తర్వాత అలమరలోంచి దయామణి వంటల పుస్తకం తీశారు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆయనకి ఆ పుస్తకంతో పని పడలేదు.

క్రిస్మస్ వైను పేజీ మీద ద్రాక్ష మరకలున్నాయి. ద్రాక్ష రెండు కిలోలు. పంచదార రెండు కిలోలు అని ఉండి, ఆ రెండు కొట్టేసి ఉంది. పక్కన వేరే సిరాతో, ఆమె చిన్న అక్షరాల్లో:

"ఆయన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. ఇకనుంచి అర కిలోనే. మానెయ్యమంటే మానరు. పుల్లగా ఉంటుంది, అయినా బాగుందనే అంటారు. నా చెయ్యి తప్పిందనుకోనీ."

రత్నంగారు ఆ నాలుగు ముక్కలు వేలితో తడుముతూ చదివారు. ఒకసారి కాదు. తర్వాత నా వైపు చూశారు, పదహారేళ్ళూ నాకు తెలిసి ఊరుకున్నట్టు. నాకు నిజంగా తెలీదు. నేను చూసింది వెనక్కి పోసిన పంచదారనే. ఆ పంచదారే నన్ను ఓడ ఎక్కించిందని ఇప్పుడు అర్థమైంది. ఆమె మామూలుగా వేసి ఉంటే వైను వైనుగానే మిగిలేది, నీరజ చీటీ రాసి పక్కన పెట్టేసేది.

ఈ నవంబరులో ఆయనే నల్లద్రాక్ష తెచ్చారు. నలపడం చేతకాక చొక్కా అంతా మరకలు చేసుకున్నారు. పంచదార తూస్తూ ఒకసారి ఆగారు. హైమావతికి పంపాల్సింది కదా, ఆవిడకి రుచిగా ఉండాలని అనుకున్నట్టున్నారు. ఇంకొంచెం పోయబోయి మళ్ళీ డబ్బా మూత పెట్టేశారు. అర కిలోనే వేశారు.

ఇరవై ఒకటో రోజున వడకట్టి నాలో పోశారు. వెనిగర్ అని రాసిన చీటీ ఇంకా నా మెడలోనే ఉంది. ఒక గుక్క గ్లాసులో ఉంచుకుని, కళ్ళు మూసుకుని తాగారు. వంటింట్లో ఎవరూ లేరు.

"బాగుంది దయా," అన్నారు.

ఈసారి అందులో అబద్ధం లేదు.